చింతచెట్టు మీంచి పడిందని రాశారు

జాజులగెడ్డ,
మార్చి 27

నేస్తానికి,

కవరు మీద రాజేశ్వరి అని రాయాల్సి వచ్చినప్పుడల్లా మా అమ్మ గుర్తొస్తుంది. హాస్టల్లో ఎనిమిదో తరగతప్పుడు మనిద్దరికీ నేస్తరికం కట్టి, అరటిపళ్ళు, జాకెట్టు గుడ్డలు మార్పించి, "ఇకనించి ఒకల పేరొకలు ఎత్తకూడదు. నేస్తం అనే పిలుసుకోవాల" అని చెప్పింది కదా. ఇరవై ఏడేళ్ళయింది. పోస్టాఫీసు వాళ్ళకి మాత్రం పేరు కావాలి, ఏం చేస్తాం.

ఇంటికి చేరి పది రోజులైంది. కుడిచెయ్యి మెడకి వేలాడేసిన పట్టీలోనే ఉంది. మోచెయ్యి బల్ల మీద ఆనించుకుంటే రాయగలుగుతున్నాను. ఎత్తితేనే ప్రాణం పోతుంది. అక్షరాలు అటూ ఇటూ పోయాయని నవ్వకు.

ముందు నన్ను తిట్టు, తర్వాత క్షమించు. ఆ రోజు లంబసింగిలో టీ తాగి మళ్ళీ మీ ట్రాలీ ఆటో వెనక ఎక్కినప్పుడు చివర ఎక్కింది నేనే. చివర ఎక్కినవాళ్ళు డోరు గొళ్ళేలు చూసుకోవాలని చిన్నపిల్లకైనా తెలుసు. నేను అమ్మకానికి వేసుకొచ్చిన నా పసుపు బస్తాల మీద చేరబడి కునుకు తీశాను. ఘాటీ మలుపులో డోరు తెరుచుకుని నేను రోడ్డు మీద పడ్డాక, నువ్వు పరిగెత్తుకొచ్చి "ఒలమ్మా, గొళ్ళెం ఏసుకోనేదేటే?" అన్నావు చూడు, ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఏసుకోనేదేమో" అన్నాను. నా మతిమరుపుకి మీరిద్దరూ ఎంత హడలిపోయారో! మీ ఆయన, గణేశ్వరరావు అన్నయ్య, స్టీరింగు వదిలి కిందికి దిగలేక కూర్చుండిపోయాడు పాపం.

ఆసుపత్రిలో నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. రాసుకునే ఆమె ఎలా పడ్డావని అడిగితే "సింతపండు దులపడానికి సెట్టెక్కీసి పడిపోనానమ్మా" అన్నాను. "ఈ వయసులో చెట్లెక్కడమేంటమ్మా" అని కేకలేసింది. అబద్ధం ఆడినందుకు సిగ్గేసింది, కానీ పోలీసులు, బండి, అన్నయ్య లైసెన్సు, ఇదంతా నా తప్పుకి మీకెందుకు? నేస్తం మీద మాట రానిస్తానా?

ఇంట్లో మాత్రం నిజమే చెప్పాను, గొళ్ళెం వేసుకోలేదని. మా అత్త ఇంకా తిడుతూనే ఉంది. "డోరేసుకోడం రానిదానివి బండెక్కడమెందుకే" అంటుంది. తిట్టనీ. పడాల్సిందే కదా.

నువ్వు మాత్రం మనసు పాడుచేసుకోకు.


నర్సీపట్నం,
ఏప్రిల్ 16

నేస్తం,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వెంటనే రాద్దామనుకున్నాను, పండగ వచ్చిపడింది. కొత్తమావాస్యకి మా ఆడపడుచు పిల్లల్ని వేసుకుని యలమంచిలి నుంచి దిగింది. లంబసింగిలో కొన్నానే, ఆ మేకని కోశాం. ఇంటినిండా జనం, వంటింట్లో నేనొక్కదాన్ని. నీకు ముద్ద పంపలేకపోయాను.

ఫోను చేద్దామంటే మీ ఊళ్ళో సిగ్నలు రాదు. నువ్వు గుట్ట మీదికెక్కి అరిచి మాట్లాడితే ఊరంతా వింటుంది. ఉత్తరమే నయం.

గొళ్ళెం సంగతి ఎన్నిసార్లు తలుచుకుంటావే? ఎవరికైనా జరుగుతుంది. అయిపోయింది కదా, ఒగ్గేయ్. మీ అత్తకి కూడా నా మాటగా చెప్పు, తిట్టొద్దని. చెట్టు సంగతి మటుకు అలాగే ఉండనీ. ఎవరైనా అడిగితే చెట్టే. ఒకసారి చెప్పాక మాట మారిస్తే నీకే ఇబ్బంది.

కండక్టరు చేత ఒక సంచీ పంపుతున్నాను. నొప్పి మాత్రలు, ఆయింటుమెంటు, మెత్తటి నైటీలు రెండు, ముందు బొత్తాలవి. చీర కట్టుకోవడం కష్టం కదా అని తీసుకున్నాను. బెల్లం మా పెద్దాళ్ళది, మాకవరపాలెం నుంచి తెచ్చారు. తిను. బేగి బాగైపోవాలి నువ్వు.

మా ఆయన నిన్ను అడిగాడని రాయమన్నాడు.


జాజులగెడ్డ,
జూన్ 12

నేస్తానికి,

సంచీ అందింది. నైటీలు బాగున్నాయి. మా అత్త చూసి "ఇదేటి, దొరసాని గౌనా" అని నవ్వింది, తర్వాత తనే బొత్తాలు పెట్టింది.

ఎందుకు తనే పెట్టిందో చెప్పాలి. పట్టీ తీసేసి రెండు నెలలైంది. చెయ్యి భుజం వరకు కూడా లేవడం లేదు. తల దువ్వుకోలేను. జాకెట్టు వెనక్కి పట్టదు. నీళ్ళ బిందె ఎత్తలేను. అత్త నాకు జడ వేస్తుంటే వీధిలో వాళ్ళు చూస్తారని లోపల కూర్చుంటాను. నలభై ఏళ్ళ మనిషికి ఎనభై ఏళ్ళావిడ జడ వేస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకో.

విశాఖలో చూపిస్తే లోపల కండరం తెగిందన్నారు. ఆపరేషన్ చెయ్యాలట, ఆలస్యమైన కొద్దీ చెయ్యి మునుపటిలా రాదట. చేశాక ఆరేడు నెలలు బరువు ముట్టకూడదట. ఇప్పుడు ముడుతున్నదేముంది? దుక్కులు మొదలయ్యాయి. అందరూ సోళ్ళ విత్తనం చల్లుతున్నారు. నన్ను కూలికి ఎవరూ పిలవరు. మా ఆయన మత్స్యలింగం మంచోడే, నీకు తెలుసు. కానీ మొన్న నీళ్ళు మోసి మోసి విసుగెత్తి "ఒక్క గొళ్ళెం. ఒక్క గొళ్ళెమేసుకుంటే ఇదంతా నేదు" అన్నాడు. ఏమంటాను?

పోయిన వారం మా బడి దగ్గర క్యాంపు పెట్టారు. లాయరమ్మొకావిడ వచ్చింది, దేవి గారట. ఉచితంగా సలహా చెప్తారు. నా చెయ్యి చూసి తనే అడిగింది. ఆవిడ కళ్ళలోకి చూసి చెట్టని చెప్పలేకపోయాను. బండిలోంచి పడ్డానన్నాను. ఎవరి బండో చెప్పలేదు. సరుకు గల మనిషి తన సరుకుతో పాటు బండిలో వెళ్తూ దెబ్బ తింటే నష్టపరిహారం అడగొచ్చట, బండికి ఇన్సూరెన్స్ ఉంటే వాళ్ళే కట్టాలట. నేను "తప్పు నాదేనండి, గొళ్ళెం వేసుకోలేదు" అన్నాను. ఆవిడ ఒక మాట అడిగింది. "బండి ఎక్కిన మనిషా డోరు చూసుకోవాల్సింది? బండి వాళ్ళా?"

అదే మాట నిన్ను అడుగుతున్నాను. మీ బండికి డోరు వేసే పని ఎవరిది?


నర్సీపట్నం,
జూన్ 30

నేస్తం,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. లాయర్లా? మనలో మనకి కేసులేటే?

నువ్వు ఊరికే అడిగావని తెలుసు. అయినా చెప్తున్నాను. బండి మీద ఫైనాన్స్ ఇంకా తీరలేదు. ఇన్సూరెన్స్ సంగతి నీకు తెలియదు, అది ఎప్పుడో అయిపోయింది, మళ్ళీ కట్టించలేదు. నువ్వు కేసేస్తే ఆ కంపెనీ వాళ్ళు కాదు, మేమిద్దరం రోడ్డున పడతాం. మా ఆయన లైసెన్సు పోతే ఇంకే పని చేస్తాడు? నలభై ఆరేళ్ళకి చెరుకు నరకడానికి వెళ్తాడా?

క్యాంపులకి వచ్చేవాళ్ళు ఏదో ఒకటి చెప్తారు. వాళ్ళకి నేస్తరికం అంటే ఏం తెలుసు? మీ అమ్మ బతికుంటే ఈ మాట విని ఏమనేది?

డోరు ఎవరు వెయ్యాలని అడిగావు. అందరం చూసుకోవాలి. అంతకంటే ఏం చెప్పను.

మనియార్డరు పంపుతున్నాను, పదివేలు. ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు దారిఖర్చులకి ఉంటాయి. ఇంకా సర్దుతాను. ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి.


జాజులగెడ్డ,
జూలై 21

నేస్తానికి,

డబ్బు వెనక్కి పంపించేశాను. పోస్టుమేన్ "ఒద్దా? నిజంగా ఒద్దా?" అని మూడుసార్లు అడిగాడు.

నీ ఉత్తరం చింపలేదు. నాలుగుసార్లు చదివాను. నేనడిగింది ఒక్క ప్రశ్న. నువ్వు ఫైనాన్స్ చెప్పావు, లైసెన్స్ చెప్పావు, చెరుకు చెప్పావు, చచ్చిపోయిన మా అమ్మని కూడా తెచ్చావు. డోరు గురించి మాత్రం ఒక్క ముక్క. మనం తొమ్మిదో తరగతి లెక్కల పరీక్షలో జవాబు రానప్పుడు ఇలాగే పేజీలు నింపేదానివి. నాకు నీ రాత తెలుసు.

వాన పడుతుంటే పని లేక గుమ్మంలో కూర్చుని ఆ రోజుని మొదటినుంచి గుర్తు చేసుకున్నాను. బలవంతంగా. ఇన్నాళ్ళూ సిగ్గుతో ఆ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసేసుకునేదాన్ని. ఈసారి మూసుకోలేదు. టీ తాగాక ఎక్కాను. డోరు పైకి లాగాను. ఎడమవైపు గొళ్ళెం వేశాను. వేశాను నేస్తం, దాని చల్లదనం చేతికి గుర్తుంది, మంచు పట్టి తడిగా ఉంది. తర్వాత కుడివైపు చెయ్యి పెట్టాను. అక్కడ ఏమీ తగల్లేదు. చీకటి పూర్తిగా వదల్లేదు, టార్పాలిన్ అడ్డంగా ఉంది. అటువైపు బయటినుంచి నువ్వు వేస్తావులే అనుకుని కూర్చున్నాను.

అక్కడ ఏముండాలి? నువ్వు చెప్పు.

దేవి గారికి మళ్ళీ కబురు పెట్టాను. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యమన్నారు. మార్చి తొమ్మిది నుంచి లెక్కేస్తే సెప్టెంబరు తొమ్మిది. కానీ ఆసుపత్రి కాగితం చూసి ఆవిడ తల పట్టుకున్నారు. చింతచెట్టు మీంచి పడిందని రాశారు. ఆ కాగితం అలా ఉన్నంతకాలం నేను పడింది చెట్టు మీంచే. బండి వాళ్ళలో ఎవరైనా నోరు విప్పితే తప్ప ఇది నిలబడదన్నారు.

మా ఆయన ఒగ్గేయమంటున్నాడు. "నేస్తం మీద కేసేత్తే మన గూడెంలో తలెత్తుకోనేవు" అంటున్నాడు. నిజమే. కానీ ఈ నాలుగు నెలలూ నేను తలెత్తుకుని తిరుగుతున్నానా?


నర్సీపట్నం,
ఆగస్టు 8

నేస్తం,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇది చింపను.

కుడివైపు తాడు ఉండాలి.

ఆ గొళ్ళెం సంక్రాంతి ముందే విరిగిపోయింది. వెల్డింగు చేయించాలని మా ఆయనకి రోజూ చెప్పేదాన్ని, రేపు రేపు అనేవాడు. అప్పటినుంచి నైలాను తాడు పెట్టి కుడివైపు కట్టేదాన్ని. డోరు కట్టే పని నాదే. బండి ఆయన నడుపుతాడు, లోడు సర్దడం, డోరు వెయ్యడం, టార్పాలిన్ కట్టడం నావి. పదకొండేళ్ళుగా నావే. నువ్వడిగిన దానికి ఇదీ జవాబు.

లంబసింగిలో నువ్వు టీ దగ్గరున్నప్పుడు నేను మేకని బేరమాడాను. చవగ్గా వచ్చింది. దాని మెడలో పలుపుతాడు అమ్మినవాడు విప్పుకుపోయాడు. ముందు సీట్లో నా కాళ్ళ దగ్గర కట్టాలి, కట్టడానికి ఏమీ లేదు. వెనక్కి వెళ్ళి డోరు తాడు విప్పుకొచ్చి మేకని కట్టాను. నర్సీపట్నం వెళ్ళేలోపు ఏమవుతుందిలే అనుకున్నాను. ఎడమవైపుది ఉంది కదా అనుకున్నాను. ఆ మలుపులో ఎడమవైపుది ఒక్కటే ఆగలేక ఊడిపోయింది. నువ్వు పడ్డావు. మేక నా కాళ్ళ దగ్గర క్షేమంగా ఉంది.

నేస్తం, నేను పరిగెత్తుకొచ్చినప్పుడు నాకు తెలుసు. నీ దగ్గరికి రాకముందే తెలుసు. డోరు వేలాడుతుండగా చూశాను, తాడు లేని చోటు చూశాను. చూసి కూడా నోటినుంచి ఆ మాట వచ్చింది, గొళ్ళెం ఏసుకోనేదేటే అని. అనుకుని అన్నది కాదు. కానీ నువ్వు "ఏసుకోనేదేమో" అన్నావు చూడు, అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. నువ్వు రోడ్డు మీద చెయ్యి వేలాడేసుకుని మూలుగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఛీ! ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

తర్వాత నువ్వు క్షమించమని రాశావు. నేను "ఎవరికైనా జరుగుతుంది" అని జవాబు రాశాను. ఆ మేకని పండక్కి తిన్నాం. గొంతు దిగలేదని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, దిగింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. రాత్రి కక్కుకున్నాను, అదీ ఎవరికీ తెలియకుండా.

ఇన్సూరెన్స్ ఉంది. జనవరిలోనే కట్టాం. నీకు అబద్ధం రాశాను. కేసయితే డబ్బు మా జేబులోంచి పోదని నాకు తెలుసు. పోయేది నా పరువు. "నేస్తాన్ని పడేసి, తప్పు నేస్తం మీదే పెట్టింది" అంటారని, అదొక్కటే భయం. దాని కోసం నీ చెయ్యి ఇలా వదిలేశాను.

మా ఆయనకి చెప్పాను, నిజం రాస్తున్నానని. "నీకేటి పిచ్చి పట్టిందేటి? నువ్వు సెప్పకపోతే ఎవులికి తెలుత్తాది?" అన్నాడు. నాకు తెలుసు కదండీ అన్నాను. అది నాలుగు రోజుల కిందటి మాట. నిన్న అన్నం తింటూ తల ఎత్తకుండా "బండి నడిపింది నాను. ఎల్డింగు సేయించనిదీ నానే. ముందు నా పేరు రాయి" అన్నాడు.

వెనక పేజీలో విడిగా రాశాను. లాయరమ్మకి ఇవ్వు. ఇందులో నీ పేరు రాయక తప్పలేదు.

*రాసి ఇచ్చినది ఏమనగా: నర్సీపట్నం కాపురస్తులమైన కర్రి గణేశ్వరరావు, ఆయన భార్య రాజేశ్వరి అనే మేము, మార్చి 9వ తేదీ ఉదయం మా ట్రాలీ ఆటోలో జాజులగెడ్డ సోమలమ్మను, ఆమె పసుపు బస్తాలతో సహా ఎక్కించుకుని వస్తుండగా, వెనక డోరు కుడి గొళ్ళెం విరిగి ఉన్నదని తెలిసీ, దానికి కట్టిన తాడును రాజేశ్వరి స్వయంగా విప్పినందున, ఘాటీ మలుపులో డోరు తెరుచుకుని సోమలమ్మ కిందపడి భుజానికి దెబ్బ తగిలినది. ఇందులో సోమలమ్మ తప్పు ఏమీ లేదు. చెట్టు మీంచి పడినట్టు ఆసుపత్రిలో చెప్పించినది కూడా రాజేశ్వరియే. ఇది మా ఇష్టపూర్వకంగా రాసి సంతకాలు చేసినది.*

క్షమించమని రాయడం లేదు. ఆ మాట నువ్వు రాశాక నేను రాయలేను.


జాజులగెడ్డ,
ఆగస్టు 19

నేస్తానికి,

కాగితం దేవి గారికి ఇచ్చాను. సెప్టెంబరు రెండున నర్సీపట్నం వచ్చి స్టేషన్లో ఫిర్యాదు ఇస్తాం. తర్వాత కోర్టులో వేస్తారు. మీరిద్దరూ రావాలి.

నీ ఉత్తరం ఇంట్లో ఎవరికీ చూపించలేదు. కాగితం ఒక్కటే చూపించాను, అది కూడా లాయరుకి. మా వాళ్ళకి బండి మీద కేసని తెలుసు, అంతే. మా అత్త ఇంకా నేనే గొళ్ళెం మరిచిపోయాననుకుంటోంది. పైగా "నీ తప్పుకి నేస్తం మీద కేసెడతావేటే, సిగ్గు నేదేటే?" అంటోంది. ఆ మాట పడుతూ ఎందుకు ఊరుకున్నానో తెలుసా? ఇది నేను చెప్పాల్సింది కాదు.

చెయ్యి పోయింది సరే. దానికి కోర్టు ఏదో లెక్క కడుతుంది. ఈ ఐదు నెలలూ నేను నా మొగుడి దగ్గర, అత్త దగ్గర, నీళ్ళ రేవులో ఆడవాళ్ళ దగ్గర తెలివితక్కువదాన్నై బతికాను. నిద్ర పట్టని ప్రతి రాత్రీ నన్ను నేనే తిట్టుకున్నాను. నీకు క్షమాపణ ఉత్తరం రాశాను నేను! అది తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. దానికి కోర్టులో లెక్క లేదు, అడిగాను.

కాబట్టి నువ్వే రావాలి. మా ఇంటికి. వచ్చి మా అత్తకి, మా ఆయనకి, రేవులో వాళ్ళకి నీ నోటితో చెప్పాలి. నాకు రాసినట్టే, మేకతో సహా.


నర్సీపట్నం,
సెప్టెంబరు 6

నేస్తం,

కోర్టులో నిన్ననే వేశారని దేవి గారు ఫోను చేశారు. గడువుకి నాలుగు రోజులు మిగిలి ఉండగా అయింది. దాదాపు ఆరు నెలలు ఆలస్యంగా ఫిర్యాదు ఎందుకిచ్చారని ఇన్సూరెన్స్ వాళ్ళు గట్టిగా అడుగుతారట. అడగనీ. మళ్ళీ చెప్తాను.

స్టేషన్లో నువ్వు బెంచీ ఆ చివర కూర్చున్నావు. నేను ఈ చివర. మధ్యలో ఎవరో ముసలాయన గొడుగు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన లేచి వెళ్ళిపోయాక కూడా నువ్వు జరగలేదు, నేనూ జరగలేదు. ఎస్సై గారు "చెట్టని ఎందుకు చెప్పావమ్మా? ఎవరు చెప్పమన్నారు?" అని అడిగినప్పుడు నువ్వు నావైపు చూశావు. చూస్తూ ఉన్నావు. "నేనేనండి" అన్నాను. గట్టిగానే అన్నాననుకున్నాను, ఆయన "ఏంటమ్మా, వినపడలేదు" అన్నారు. రెండోసారి చెప్పాను. నా జీవితంలో అంత బరువైన మాట చెప్పలేదు.

మా ఆయన మీద కేసు రాశారు. బెయిలు అక్కడే ఇచ్చారు. బయటికొచ్చాక ఆయన నీ దగ్గరికి రాబోయి ఆగిపోయాడు. నువ్వు చూశావో లేదో.

మా వీధిలో తెలిసిపోయింది. కిరాణా కొట్టు నూకరత్నం "అయితే నీ నేస్తాన్ని నువ్వే తోసేసినావటేటి?" అంది. తొయ్యలేదు అందామనుకున్నాను. పంచదార తీసుకుని వచ్చేశాను.

పదిహేనో తారీఖు, ఆదివారం, పొద్దున్న బస్సుకి మీ ఇంటికి వస్తున్నాను. నాకు చాలా భయంగా ఉంది. అయినా వస్తున్నాను.


జాజులగెడ్డ,
సెప్టెంబరు 24

నేస్తానికి,

కోర్టు కాగితం వచ్చింది. నవంబరులో వాయిదా. దేవి గారు నువ్వు సాక్ష్యం చెప్పాల్సి ఉంటుందన్నారు. ఆపరేషన్ దసరా వెళ్ళాక చేస్తామన్నారు. చెయ్యి ఎంతవరకు లేస్తుందో చేశాక గానీ చెప్పలేరట.

నువ్వు వచ్చిన రోజు గురించి రాయాలని తొమ్మిది రోజులుగా అనుకుంటున్నాను.

నువ్వు మా అరుగు మీద నిలబడి చెప్తున్నప్పుడు నేను నీ ముఖం చూడలేదు. మా ఆయన ముఖం చూశాను. ముందు అర్థం కానట్టు చూశాడు. నువ్వు మేక దగ్గరికి వచ్చేసరికి తల దించుకున్నాడు. సాయంత్రం నీళ్ళ బిందె తెచ్చి దింపి నా పక్కన కూర్చుని "నిన్ను సేలా మాటలన్నాను" అన్నాడు. అంతే అన్నాడు. మా అత్త వీధిలో అందరి ముందూ నాకు జడ వేసింది. ఇప్పుడు బయట అరుగు మీదే వేయించుకుంటున్నాను. ఇది నువ్వు వచ్చి చెప్పబట్టే అయింది. కాదనను.

మా వాళ్ళందరూ నిన్ను "పోన్లే తల్లీ" అన్నారు. అత్త నీ కళ్ళు తుడిచింది, అన్నం పెట్టింది. రేవులో ఆడవాళ్ళు కూడా పోన్లే అన్నారు. నేను అనలేదు. నువ్వు అన్నం కలుపుతూ మాటిమాటికీ నావైపు చూశావు, అంటానేమోనని. నాకు తెలుస్తూనే ఉంది. నువ్వేడుస్తుంటే జాలేసింది, నీ భుజం మీద చెయ్యి వెయ్యబోయాను కూడా, ఎడమ చెయ్యి. కానీ ఆ మాట రాలేదు. నీతో బస్సు దాకా వచ్చింది అందుకే, దారిలో వస్తుందేమోనని. రాలేదు.

రోడ్డు మీద నేను మూలుగుతుంటే నీకు ప్రాణం లేచొచ్చిందని రాశావు. నిజం రాసినందుకు నువ్వంటే గౌరవం పెరిగింది. కానీ ఆ ఒక్క వాక్యం నాకు దిగడం లేదు. అందరిలా ఉత్తినే పోన్లే అనేస్తే అది నీకు ఇంకో అబద్ధమవుతుంది. మన మధ్య ఇంక అవి వద్దు.

కోర్టులో కనపడితే పలకరించు, పలుకుతాను. టీ తాగుదామంటే తాగుతాను. ఉత్తరాలు మాత్రం ఇప్పుడు వద్దు. నీ ఉత్తరం వస్తే నేను జవాబు రాయాలి, జవాబులో ఆ మాట కోసం నువ్వు వెతుకుతావు.

ఆ మాట నిజంగా నా నోటికి వచ్చిన రోజు నేనే రాస్తాను. ఎన్నాళ్ళు పడుతుందో నాకూ తెలియదు. అంతవరకూ నువ్వు రాయకు.